చిన్న సంస్థ, సర్కారు సొమ్ము, సముద్రం
డాక్టర్ యలవర్తి నాయుడమ్మ స్మారకోపన్యాసం



1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం ఐర్లండ్ తీరానికి ఆవల అట్లాంటిక్ మీద పేలిపోయింది. 329 మంది ప్రాణాలు పోయాయి. అందులో నాయుడమ్మ గారు ఉన్నారు. విమానం శకలాలు సుమారు 2,000 మీటర్ల లోతుకు దిగిపోయాయి. అంత లోతుకు ఏ గజ ఈతగాడూ దిగలేడు. బ్లాక్ బాక్సులు నీళ్లలో విడిచే సంకేతాన్ని ‘గార్డ్‌లైన్ లొకేటర్’ అనే బ్రిటిష్ ఓడ పట్టింది. ‘లియోన్ తెవెనాన్’ అనే ఫ్రెంచి కేబుల్ ఓడ మీంచి ‘స్కారబ్’ అనే యంత్రాన్ని కిందికి దించారు. సముద్రం అడుగున పరిచిన టెలిఫోన్ కేబుళ్ల మరమ్మతు కోసం తయారైన యంత్రం అది. జులై రెండో వారంలో రెండు రికార్డర్లూ పైకి వచ్చాయి. అవి నిజంగా ఎలా వచ్చాయని అడిగితే, ఎప్పుడో ఎవరో ఇలాంటి యంత్రం కావాలని డబ్బు పెట్టి చేయించుకున్నారు కాబట్టి వచ్చాయి.

ఆయన పేరిట జరిగే ఉపన్యాసానికి సముద్రపు రోబోలను ఎంచుకోవడానికి అదొక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఆయన పనిలోనే ఉంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన నాయుడమ్మ గారు 1958 నుంచి 1971 దాకా మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరు. ఆ తర్వాత 1977 దాకా సీఎస్ఐఆర్‌కు డైరెక్టర్ జనరల్. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో తోళ్లు శుద్ధి చేసే చిన్న చిన్న యజమానులు ఆ పరిశోధన సంస్థకు చుట్టాల్లాగా రాకపోకలు సాగించారు. ప్రయోగశాలలో తేలిన పద్ధతి వాళ్ల తొట్టెల్లో పనిచేసి, ఆ సరుకును ఎవరో కొన్నప్పుడే పరిశోధన పూర్తయినట్టు ఆయన లెక్క. పచ్చి తోళ్లు, సగం శుద్ధి చేసిన తోళ్లు పంపుకొనే దేశం తయారైన తోలు, చెప్పులు, సంచులు ఎగుమతి చేసే దేశంగా మారడంలో ఆ లెక్కకు చోటుంది.

ఆ లెక్కను ఇవాళ సముద్రపు రోబోలకు వర్తింపజేసి చూద్దాం. నీటి కింద పనిచేసే యంత్రం చెయ్యాలనుకునే చిన్న సంస్థ ప్రభుత్వ సొమ్ము కోసం ఎక్కడ వెతకాలి? ఇచ్చే ప్రభుత్వం ఇంకేం చేస్తే ఆ సొమ్ము ఫలిస్తుంది? విశాఖ తీరంలో సముద్ర పరికరాల మధ్య బతికినవాణ్ణి. ఇప్పుడు కుర్రవాళ్ల దరఖాస్తులు దిద్దిపెడుతున్నాను. నా సమాధానం ముందే చెప్పేస్తాను. గ్రాంటు వచ్చినంత మాత్రాన సంస్థ నిలబడదు. గ్రాంటుకు అవతలి కొసన, యంత్రం పనిచేస్తే కొంటామనే ఆఫీసు ఒకటి ఉండాలి. కాబట్టి వెతుకులాట పథకాల జాబితాతో మొదలుపెట్టొద్దు. సమస్య ఎవరిదో అక్కడ మొదలుపెట్టండి.

ముందు సముద్రం గురించి కాస్త. నేల మీద తిరిగే రోబోకు లేని కష్టాలు నీటి కింద ఉన్నాయి. ఉప్పునీళ్లలో రేడియో తరంగం కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. జీపీఎస్ అందదు. మిగిలింది శబ్దం. అది నీళ్లలో సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది కానీ, దానితో పంపగలిగే సమాచారం బొట్లు బొట్లుగానే వెళుతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. 6,000 మీటర్ల దగ్గర అది 600 రెట్లు. ఉప్పు లోహాన్ని తింటుంది. నెలల తరబడి నీళ్లలో ఉంటే ఒంటి నిండా గుల్లజీవులు పట్టుకుని బరువూ ఆకారమూ మార్చేస్తాయి.

ఇవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. చూస్తేగానీ తెలియనిది ఇంకొకటి ఉంది. ఫిషింగ్ హార్బరులో రేపు తెల్లారి యంత్రాన్ని నీళ్లలో దించుతారనగా ఈ రాత్రి దాన్ని తయారుచేసిన కుర్రవాళ్లు చేసే పని చూడండి. గొట్టం లాంటి పెట్టె, లోపల బ్యాటరీ, కంప్యూటరు. మూత చుట్టూ గాడిలో ఒక రబ్బరు ఓ-రింగు. దాన్ని బయటికి తీసి, నూగు రాలని గుడ్డతో తుడుస్తారు. దీపం కింద తిప్పి తిప్పి చూస్తారు. ఒక్క తలవెంట్రుక దాని మీద పడినా నీళ్లకు దారి దొరికినట్టే. సిలికాన్ గ్రీజు పల్చగా రాసి గాడిలో కూర్చోబెడతారు. మూత బిగించి చేతిపంపుతో లోపలి గాలి లాగేస్తారు. అప్పుడు అందరూ మాటలు మానేసి మీటరు ముల్లు కేసి చూస్తూ కూర్చుంటారు. ముల్లు కాస్త కదిలిందా, మళ్లీ మొదటికి. ఈ పనికి పట్టే రాత్రులు ఏ దరఖాస్తు ఫారం గడిలోనూ పట్టవు. అయినా యంత్రం బతకడం, చావడం ఆ రాత్రే తేలిపోతుంది.

ఖర్చు కూడా విడ్డూరంగానే ఉంటుంది. లోపలి కంప్యూటరు చవక. దాని తీగను బయటికి తెచ్చే నీరు చొరబడని కనెక్టరు అంతకన్నా ఖరీదు, అదీ విదేశం నుంచి రావాలి. సముద్రం అడుగును బట్టి తన వేగం తాను కొలుచుకోవడానికి డాప్లర్ వెలాసిటీ లాగ్ అనే పరికరం పెడితే, చిన్న యంత్రాల్లో ఒక్కోసారి మిగతా అన్నింటి కన్నా అదొక్కటే ఎక్కువవుతుంది. ఇంకా బోటు అద్దె, డీజిలు, కళాసీల కూలి, గాలి సరిలేక ఒడ్డున ఖాళీగా గడిచిన రోజులు. ఒక యాప్ చేసే సంస్థకు చాలే తొలి గ్రాంటు ఇక్కడ సగం దారిలోనే అయిపోతుంది. ప్రైవేటు పెట్టుబడిదారు ఈ రంగానికి మొదట్లోనే రాకపోవడంలో అతని తప్పేమీ లేదు. అతని సొమ్ముకు అంత ఓపిక ఉండదు. కాబట్టి మొదటి డబ్బు ప్రజలదే కావాలి.

ఈ పని పద్ధతి ప్రకారం మొదలుపెట్టిన దేశం అమెరికా. అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో రోలండ్ టిబెట్స్ అనే అధికారి 1977లో చిన్న సంస్థల కోసం ఒక ప్రయోగం ఆరంభించాడు. పరిశోధన సొమ్ము అంతా విశ్వవిద్యాలయాలకూ పెద్ద కంపెనీలకూ పోతున్న రోజులవి. టిబెట్స్ ఆలోచన తేలిగ్గా అర్థమయ్యేదే. ముందు కొద్ది డబ్బిచ్చి ఆలోచన నిలబడుతుందో లేదో చూడాలి. నిలబడినవాళ్లకే తర్వాత ఎక్కువ ఇవ్వాలి. ఆ పైన మార్కెటు చూసుకోవాలి. సెనేటర్ వారెన్ రడ్‌మన్ చొరవతో 1982 జులైలో ఇది అన్ని పెద్ద శాఖలకూ వర్తించే చట్టమైంది. స్మాల్ బిజినెస్ ఇన్నొవేషన్ రీసెర్చ్, క్లుప్తంగా ఎస్‌బీఐఆర్. బయటివాళ్ల చేత చేయించే పరిశోధనకు ఏటా 10 కోట్ల డాలర్లకు మించి ఖర్చుపెట్టే ప్రతి శాఖా అందులో కొంత శాతం చిన్న సంస్థలకే కేటాయించి తీరాలి. మొదట్లో 0.2 శాతం. ఇప్పుడు 3.2 శాతం. ఆ లెక్కలోకి 11 శాఖలు వస్తాయి.

ఆ తొలి రోజుల్లో మొదటి దశకు 50 వేల డాలర్లు, రెండో దశకు 5 లక్షలు పరిమితి. 2025 నాటికి నేషనల్ సైన్స్ ఫౌండేషన్ మొదటి దశకే 3,05,000 డాలర్ల దాకా ఇచ్చింది. సంస్థలో వాటా ఇమ్మని అడగరు, తిరిగి కట్టమని అడగరు. సంస్థ కనిపెట్టినదాని వివరాలు 20 ఏళ్ల పాటు పోటీదార్ల చేతికి పోకుండా ప్రభుత్వం కాపాడాలి.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది మూడో దశ. అందులో ఎస్‌బీఐఆర్ పద్దు కింద ఒక్క డాలరూ ఉండదు. కానీ మొదటి దశలో పోటీ పడి నెగ్గిన సంస్థ నుంచి, ఆ పనికి కొనసాగింపుగా తయారైన యంత్రాన్ని ఏ శాఖైనా మళ్లీ టెండరు పిలవకుండా నేరుగా కొనుక్కోవచ్చు. ముందు జరిగిన పోటీయే సరిపోతుంది. కాగితం మీద ఇది చిన్న వాక్యం. చిన్న సంస్థకు మాత్రం ప్రాణం పోసే వాక్యం. అమెరికా నౌకాదళం ఆ వాక్యాన్ని బాగా వాడుకుంది.

ఈ పథకాల మీద ఆర్థికవేత్తలు చేసిన పరిశోధనల్లో రెండు చెప్పుకోవాలి. సబ్రీనా హోవెల్ 2017లో అచ్చువేసిన పరిశోధనలో అమెరికా ఇంధన శాఖ ఇచ్చిన గ్రాంట్లను పరిశీలించింది. అంచున నెగ్గినవాళ్లనూ అంచున ఓడినవాళ్లనూ పోల్చింది. మొదటి దశ గ్రాంటు వచ్చిన సంస్థకు తర్వాత వెంచర్ పెట్టుబడి దొరికే అవకాశం దాదాపు రెట్టింపైంది. ఎంతో పెద్దదైన రెండో దశ గ్రాంటుకు అలాంటి ప్రభావం పెద్దగా కనబడలేదు. నమూనా చేసి చూపించడానికి పనికొచ్చిన చిన్న సొమ్మే సందేహాలు తీర్చిందన్నమాట. ఆ తర్వాత ఆమె, సహ పరిశోధకులు అమెరికా వైమానిక దళం 2018 నుంచి మొదలుపెట్టిన కొత్త పద్ధతిని చూశారు. ఫలానా కొలతలతో ఫలానా వస్తువు కావాలని అడిగిన పాత పిలుపుల కన్నా, మా పనికి పనికొస్తుందని మీరనుకున్నది తీసుకురండని తలుపు తెరిచిన పిలుపులే బాగా ఫలించాయి. కొనేవాడు ఉండాలని నేనన్న మాటకు ఇది అవసరమైన దిద్దుబాటు. కొనేవాడు తన బాధ చెప్పాలి. మందు పేరు కూడా తానే రాసిస్తే కొత్తది పుట్టదు.

అమెరికా పద్ధతిలో లోపాలు లేవని కాదు. ఏళ్ల తరబడి గ్రాంటు మీద గ్రాంటు రాబట్టుకుంటూ అమ్మకం వైపు ఎప్పుడూ అడుగెయ్యని సంస్థలు అక్కడ తయారయ్యాయి. చట్టానికి గడువు పెట్టి పొడిగిస్తూ పోవడం ఇంకో బలహీనత. 2025 సెప్టెంబరు 30తో ఆ గడువు తీరిపోయింది, సకాలంలో పొడిగింపు రాలేదు, కొత్త దరఖాస్తుల పిలుపులు ఆగాయి. ఆరు నెలల జీతాలకు కూడా నిల్వ లేని సంస్థకు ఇలాంటి విరామం ఎంత నష్టమో ఢిల్లీలో, వాషింగ్టన్‌లో ఫైళ్లు చూసేవాళ్లు ఊహించుకోవాలి.

ఇప్పుడు ఒక యంత్రం కథ. హెన్రీ స్టామెల్ ఇరవయ్యో శతాబ్దపు గొప్ప సముద్ర శాస్త్రజ్ఞుల్లో ఒకడు. 1989లో ఆయన ఒక పత్రికలో, భవిష్యత్తులో జరిగినట్టుగా ఊహించి ఒక వ్యాసం రాశాడు. మోటారు పంకా లేకుండా సముద్రాల్లో వాటంతట అవే తిరుగుతూ, అప్పుడప్పుడూ పైకి తేలి కొలతలు పంపే చిన్న యంత్రాలు అందులో ఉన్నాయి. 1895-98 మధ్య ఒంటరిగా పడవలో భూమి చుట్టివచ్చిన జాషువా స్లోకమ్ పేరు వాటికి పెట్టాడు. స్టామెల్ స్నేహితుడు డగ్ వెబ్ మసాచుసెట్స్‌లో ఒక చిన్న సంస్థ నడిపే ఇంజనీరు. ఆ ఊహకు ఇనుమూ తీగా తొడిగే పని అతను నెత్తినేసుకున్నాడు. అమెరికా నౌకాదళపు పరిశోధన కార్యాలయం అండగా నిలిచింది.

ఆ గ్లైడరు పనితీరు వింటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. ముక్కు దగ్గర ఒక పిస్టను సుమారు అర లీటరు సముద్రపు నీళ్లు లోపలికి పీలుస్తుంది. యంత్రం కాస్త బరువెక్కి మునుగుతుంది. రెక్కలుంటాయి కాబట్టి నిట్టనిలువుగా పడకుండా ముందుకు జారుతుంది. అడుగుకు చేరాక ఆ నీళ్లు బయటికి నెట్టేస్తుంది, తేలికై పైకి జారుతుంది. నడక మనిషి నడక కన్నా నెమ్మది. కానీ బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి ఇలాంటి గ్లైడరును 2008లో అట్లాంటిక్ దాటించబోయింది. అజోర్స్ దీవుల దాకా వెళ్లి అది పోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఇంకొకటి వదిలారు. 221 రోజుల తర్వాత, 2009 డిసెంబరు 4న, అది స్పెయిన్ తీరం దగ్గర చేతికి చిక్కింది. నీటి కింది రోబో ఒకటి మహాసముద్రాన్ని దాటడం అదే మొదలు.

స్టామెల్ వ్యాసానికీ ఆ రోజుకూ మధ్య 20 ఏళ్లు. స్టామెల్ 1992లోనే పోయాడు. ఈ 20 ఏళ్లలో డబ్బిచ్చినవాళ్లు ఏటా లాభనష్టాల పట్టీ అడిగి ఉంటే ఏమయ్యేదో మీరే చెప్పండి. 2008లో పోయిన గ్లైడరుకు బాధ్యులెవరని విచారణ వేసి, 2009 ప్రయోగానికి డబ్బు బిగబట్టి ఉంటే? సముద్రంలో యంత్రం పోవడం ఆ పని ఖర్చుల్లో ఒక భాగం. ఆ మాట మంజూరు పత్రంలోనే రాసి ఉండాలని నా గట్టి అభిప్రాయం.

కొనుగోలు సంగతి ఇంకో సంస్థ చెబుతుంది. అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో ఆ దేశపు నౌకాదళం సొమ్ముతో ‘రీమస్’ అనే టార్పెడో ఆకారపు చిన్న యంత్రం పుట్టింది. దాన్ని తయారుచేసి అమ్మడానికి 2001లో అక్కడివాళ్లే హైడ్రాయిడ్ అనే సంస్థ పెట్టారు. 2003లో ఇరాక్‌లోని ఉమ్ ఖసర్ రేవులో మందుపాతరలు వెతకడానికి నౌకాదళం రీమస్‌ను దింపింది. ఆ తర్వాత చాలా దేశాలు కొన్నాయి. 2020లో హైడ్రాయిడ్ చేతులు మారినప్పుడు ధర 35 కోట్ల డాలర్లు. ఆ యుద్ధం మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. నేను చూస్తున్నది, డబ్బిచ్చిన ఆఫీసూ వాడుకున్న ఆఫీసూ ఒకే ఇంటివి కావడం.

ఇక మన దేశం. ఎస్‌బీఐఆర్ పేరు మనకు కొత్త కాదు. బయోటెక్నాలజీ శాఖ 2005లోనే దాదాపు అదే పేరుతో ఎస్‌బీఐఆర్ఐ పథకం పెట్టింది. హైదరాబాదు ఔషధ, జీవశాస్త్ర సంస్థలకు ఆ దారి తెలుసు. సముద్రానికి ఆ దారి ఆలస్యంగా పడింది. 2018 ఏప్రిల్‌లో చెన్నై దగ్గర జరిగిన రక్షణ ప్రదర్శనలో ఐడెక్స్ పథకం ప్రారంభమైంది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం తమ సమస్యలు ప్రకటిస్తాయి. ఎంపికైన సంస్థకు కోటిన్నర రూపాయల దాకా గ్రాంటు. 2022లో వచ్చిన ఐడెక్స్ ప్రైమ్ కింద 10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితి కింద 25 కోట్ల దాకా. 2022 జులైలో నౌకాదళం ‘స్ప్రింట్’ పేరుతో స్వాతంత్ర్యపు 75 ఏళ్ల గుర్తుగా 75 సవాళ్లు చిన్న సంస్థల ముందు పెట్టింది. డీఆర్‌డీఓ టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ పరిమితి అదే ఏడాది 10 కోట్ల నుంచి 50 కోట్లకు పెరిగింది. ఐడెక్స్ ద్వారా పుట్టిన వస్తువును కొనడానికి రక్షణ కొనుగోళ్ల నిబంధనల్లో ప్రత్యేకమైన దారి కూడా వేశారు. నేను మెచ్చుకునేది ఈ చివరి సంగతే. సాగర్ డిఫెన్స్ అనే సంస్థ ఐడెక్స్ అండతో చేసిన మనిషి లేని పడవ 2024 అక్టోబరు నెలాఖరున ముంబయి నుంచి తూత్తుకుడి దారి పట్టింది. సుమారు 1,500 కిలోమీటర్ల దారి అది. ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన ప్లానిస్, కొచ్చిలోని ఐరోవ్ నీటి కింద తనిఖీ చేసే రోబోలు తయారుచేస్తున్నాయి.

రక్షణకు బయట తొలి సొమ్ము కొద్ది కొద్దిగా దొరుకుతుంది. శాస్త్ర సాంకేతిక శాఖ నిధి-ప్రయాస్ కింద నమూనాకు 10 లక్షల దాకా ఇస్తుంది. 2021లో 945 కోట్లతో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ నుంచి ఇంక్యుబేటర్ల ద్వారా 20 లక్షల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటు జరిగింది. పైన, 2021 జూన్‌లో కేంద్రం ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్ ఉంది. ఐదేళ్లకు 4,077 కోట్లు. 6,000 మీటర్ల లోతుకు ముగ్గురిని తీసుకెళ్లాల్సిన మత్స్య-6000 వాహనం అందులోదే. మధ్యలో ఉన్న ఎడం చూడండి. 20 లక్షల దగ్గర ఒక మెట్టు, కోట్ల దగ్గర ఇంకో మెట్టు. మత్స్యకి కావలసిన కనెక్టరు, దీపం, నీటి కింది మోటారు, నీళ్లలో మాట్లాడే మోడెమ్ ఇక్కడి చిన్న సంస్థ చేస్తానంటే, దానికి సరిపడే మెట్టు ఎక్కడుంది? పెద్ద మిషన్ సొమ్ములో కచ్చితమైన శాతం చిన్న సంస్థలకు కేటాయించాలని అమెరికా లాగా మన చట్టం ఎందుకు అనకూడదు? నేను ఈ వేదిక మీంచి ప్రభుత్వాన్ని అడుగుతున్నది అదే.

సగం ఖర్చు మీరు పెట్టుకోండనే నిబంధన గురించి కూడా చెప్పాలి. ఐడెక్స్‌లో గ్రాంటుకు సమానంగా సంస్థ వాటా చూపించాలి. చిల్లర గ్రాంటు కోసం వచ్చేవాళ్లను ఏరెయ్యడానికి ఇది పనికొస్తుందని అంటారు. నాన్నగారి పొలం అమ్మి వాటా తెచ్చినవాడూ, స్నేహితుల దగ్గర పోగుచేసుకోగలిగినవాడూ, ఇంట్లో ఏమీ లేనివాడూ ఈ నిబంధన ముందు సమానం కారు. మత్స్యకార కుటుంబం నుంచి చదువుకుని వచ్చిన అమ్మాయికి సముద్రం మనందరి కన్నా బాగా తెలుసు. ఆమెకు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోవలసి వస్తే నష్టం దేశానిది.

ఇప్పుడు విద్యార్థులతో. మీ వెతుకులాట ఇలా ఉండాలని నా సలహా. ముందు మీ యంత్రం ఎవరి ఏ బాధ తీరుస్తుందో ఆ మనిషిని కలవండి. రేవులో జెట్టీ స్తంభాలకు నీటి కింద తుప్పు ఎంత పట్టిందో చూసే ఇంజనీరు, ఓడ అడుగును గీకించే డాక్‌యార్డు అధికారి, ఆనకట్ట కింద గొయ్యి ఎంత లోతైందో కొలవవలసిన నీటిపారుదల శాఖవాళ్లు. శ్రీశైలం ఆనకట్ట దిగువన నీళ్లు దూకిపడే చోటి ప్లంజ్‌పూల్ గొయ్యి మీద ఏళ్లుగా ఎంత ఆందోళన ఉందో మీరు పత్రికల్లో చదివే ఉంటారు. సముద్రపు యంత్రానికి తొలి గిరాకీ మంచినీళ్లలో దొరకవచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ ఉంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని 1999 నుంచి సముద్రాన్ని చూస్తున్న సంస్థ. చేపలు దొరికే చోట్ల సూచనలు, సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వస్తాయి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చి పోసే మంచినీళ్లు పైన పల్చని పొరగా తేలుతుంటాయి. ఆ పొర కింద దాగిన వేడి తుపాను బలాన్ని మార్చేస్తుంది. అది ఉపగ్రహానికి పైనుంచి కనబడదు. నీళ్లలోకి దిగి కొలవాలి. హుద్‌హుద్ తుపాను నాడు విశాఖ ఏమైందో చూసినవాళ్లకు ఈ కొలత విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి అవసరం పట్టుకున్నాక, దానికి సరిపోయే పథకం పేరు వెతకడం ఒక సాయంత్రం పని.

తర్వాత, ఇంతకుముందు ఎవరికి ఎందుకు డబ్బిచ్చారో చదవండి. ఎస్‌బీఐఆర్ మంజూర్లన్నీ, సంస్థ పేరు, మొత్తం, పని సారాంశంతో సహా, అమెరికా ప్రభుత్వం అందరికీ కనబడేలా పెట్టింది. మీరు ఆ దేశంలో దరఖాస్తు చెయ్యకపోయినా అవి చదవండి. గుల్లజీవులు పట్టకుండా ఎలా, బురదనీళ్లలో చూపు ఎలా అని ఎన్ని సంస్థలు ఎన్ని దారులు పట్టాయో తెలుస్తుంది. అక్కడి రక్షణ శాఖ పిలుపుల్లో ఇంకో మంచి అలవాటుంది. దరఖాస్తులు తీసుకోవడం మొదలయ్యేలోపు కొన్ని వారాలు ఆ సమస్య రాసిన అధికారితో నేరుగా మాట్లాడవచ్చు. తలుపు తెరిచాక రాతపూర్వక ప్రశ్నలే. ఆ కొన్ని వారాలను వాడుకున్నవాడికి, వాడుకోనివాడికి తేడా దరఖాస్తు మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. ఈ అలవాటు మన దగ్గరా అన్ని శాఖల్లోనూ రావాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఎస్‌బీఐఆర్‌కు మేం దరఖాస్తు పెట్టుకోవచ్చా అని. సంస్థలో సగానికి మించి వాటా అమెరికా పౌరులదో, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారి వాటా ఆ లెక్కలోకి రాదు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్లకేళ్లు నిలబడ్డ తెలుగు ఇంజనీర్లు ఎందరో. సముద్ర రోబోల మీద మనసున్నవాళ్లకు విశాఖ, కాకినాడ, చెన్నై గుర్తుచెయ్యడం నా ధర్మం.

చివరగా క్యాలెండరు. ఏ మార్గదర్శకాల్లోనూ కనబడని ఈ సంగతిని దరఖాస్తులు చూసే కమిటీల్లోని పెద్దలు కూడా దయచేసి వినాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ వెంటనే నైరుతి గాలి, కెరటం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అల్పపీడనాలు, వాయుగుండాలు, తుపానులు. చిన్న యంత్రాన్ని చిన్న బోటు మీంచి నమ్మకంగా దించి తీసుకోగలిగేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా. మంజూరు ఉత్తర్వు ఏప్రిల్‌లో, తొలి వాయిదా సొమ్ము జూన్‌లో వస్తే, ఆరు నెలల్లో సముద్ర పరీక్ష చూపించమనే షరతు ఎవరూ నెరవేర్చలేరు. సంస్థ అబద్ధం రాయాలి, లేదా యంత్రాన్ని పోగొట్టుకోవాలి. సముద్రపు గ్రాంట్లకు వాయిదాలు నెలల లెక్కన కాక రుతువుల లెక్కన ఉండాలి. జులైలో డబ్బు, డిసెంబరు దాకా చెరువులోనూ తొట్టెలోనూ పరీక్షలు, జనవరిలో సముద్రం. యుటిలైజేషన్ సర్టిఫికెట్ మార్చి 31కి అడిగే ఆర్థిక శాఖ అధికారికి కూడా ఇది పనికొచ్చే ఏర్పాటే.

దరఖాస్తు రాసేవాళ్లు బడ్జెట్ పట్టీలో మూడు పద్దులు తప్పకుండా వెయ్యండి. బోటు అద్దె, గాలి బాగాలేక ఒడ్డున గడిచే రోజులతో సహా. అదే యంత్రానికి రెండో ప్రతి. కొనవలసిన ఆఫీసు నుంచి ఒక మనిషి మీతో బోటెక్కి రావడానికి ప్రయాణ ఖర్చు. కమిటీ మొదటి రెండూ కొట్టేయొచ్చు, మీరు వాదించండి. మూడోదాన్ని మాత్రం వదలకండి. డెక్కు మీద తడిసి, యంత్రం పైకి తేలేదాకా మీతోపాటు నీళ్లకేసి చూసిన అధికారి తర్వాత తన ఆఫీసులో ఆ కొనుగోలు ఫైలును తానే మోసుకు తిరుగుతాడు.